సెర్చ్ జాబితాల్లో ఎప్పుడూ క్రికెట్, సినిమాలేనా? జనానికి నిజంగా పట్టేవి ఏంటి?

మీరు అడిగింది ఇదీ: ఏటా డిసెంబరులో గూగుల్ "ఈ ఏడాది సెర్చ్‌లో" అంటూ జాబితాలు ఇస్తుంది. ఎప్పుడు చూసినా ఐపీఎల్, ప్రపంచకప్, ఓ సినిమా, ఓ హీరోయిన్ పేరు. మన జనం బుర్రలో ఉన్నది ఇంతేనా? ఆ జాబితాను నమ్మొచ్చా? మా నెల్లూరు, ప్రకాశం వైపు జనం ఏం వెతుకుతున్నారో విడిగా తెలుసుకునే దారి ఏదైనా ఉందా?

నమ్మొచ్చు. కాకపోతే మీరనుకుంటున్న జాబితా వేరు, అది వేరు. అందులో ఉండేవి అందరికంటే ఎక్కువగా వెతికినవి కావు. నిరుటితో పోలిస్తే ఈ ఏడాది ఒక్కసారిగా ఎగబాకినవి. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మనిషి ఇష్టమైనదాన్ని పెద్దగా వెతకడు, తెలియనిదాన్ని వెతుకుతాడు. ఇష్టమైనదాని గురించి ముందే తెలిసి ఉంటుంది, లేదా ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉంటుంది. తనకూ తెలియక, అడగడానికి మనిషీ దొరక్క మిగిలిపోయిన ప్రశ్నే సెర్చ్ పెట్టెలో పడుతుంది. ఈ లెక్కన చూస్తే ఆ జాబితాల్లో క్రికెట్ కాకుండా చాలా కనబడుతుంది.

ఇది చెప్పడానికి నాకేం అర్హత అంటారా? 2003లో కావలి ట్రంకురోడ్డులో ఆరు సిస్టములతో నెట్ సెంటర్ పెట్టాను. గంటకు పాతిక రూపాయలు. జనం చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చాక, ముఖ్యంగా 2016 సెప్టెంబరులో జియో వచ్చాక బ్రౌజింగ్ గిరాకీ పడిపోయింది. జిరాక్సు, అప్లికేషన్లు మిగిలాయి. అప్పటినుంచి చుట్టుపక్కల హోటళ్లకు, కోచింగ్ సెంటర్లకు, ఆక్వా మందుల షాపులకు ఆన్‌లైన్ యాడ్స్ పని కూడా చేస్తున్నాను. ఒకప్పుడు జనం ఏం కొడుతున్నారో పక్కన నిలబడి చూసేవాణ్ణి, ఇప్పుడు అదే గ్రాఫుల్లో చూస్తున్నాను. రెండూ ఒకటే కథ చెప్పవు.

ముందు ఆ జాబితా సంగతి. 2020 తీసుకోండి. ఊళ్లన్నీ మూతబడ్డ ఏడాది. మన దేశంలో ఆ ఏడు మొదటి స్థానం దేనికి? ఐపీఎల్‌కి. కరోనా రెండోది. ఇది చూసి చాలామంది "ఛీ, ఇదేం దేశం" అన్నారు. కానీ ఆలోచించండి. కరోనా గురించి టీవీలో పొద్దస్తమానం చెప్తూనే ఉన్నారు. ఫోన్ చేస్తే కాలర్ ట్యూన్‌లో దగ్గు వినబడేది. దాన్ని వెతకాల్సిన పనేముంది? స్కోరు అలా కాదు, బంతి బంతికీ మారిపోతుంది. పైగా ఆ ఏడు ఐపీఎల్ ఏప్రిల్‌లో జరగలేదు, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దుబాయ్ వైపు జరిగింది. అది ఎప్పుడో, ఎక్కడో, ఏ టైముకో ఎవరికీ తెలియదు. తెలియనిది ఎంత ఎక్కువైతే వెతుకులాట అంత ఎక్కువ.

అదే జాబితాలో నాలుగోది ఏంటో ఎవరూ పట్టించుకోలేదు. పీఎం కిసాన్ యోజన. ఏడాదికి ఆరు వేలు, మూడు విడతల్లో, విడతకు రెండు వేలు. ఆ రెండు వేలు అకౌంట్లో పడ్డాయా లేదా అని దేశంలో ఎంతమంది రైతులు చూసుకుంటే అది నాలుగో స్థానానికి వస్తుంది! 2021లో ఐపీఎల్ తర్వాత కోవిన్, కరోనా టీకా బుకింగ్ సైటు. 2022లో మొదటి పది స్థానాల్లో ఈ-శ్రమ్ కార్డు, అసంఘటిత కార్మికులకు ఇచ్చేది. క్రికెట్ వార్త హెడ్డింగ్‌లోకి ఎక్కింది, ఇవి కింద లైన్లలో ఉండిపోయాయి.

మరి నిజంగా ఎక్కువసార్లు కొట్టేవి ఏంటి? వింటే నవ్వొస్తుంది. యూట్యూబ్, ఫేస్‌బుక్, వెదర్, ట్రాన్స్‌లేట్, జీమెయిల్. ఏ ఏడాదైనా దాదాపు అవే. నా షాపులో గూగుల్ తెరిచి, అందులో మళ్లీ "గూగుల్" అని కొట్టినవాళ్లు కోకొల్లలు. ఎవరికీ వెబ్‌సైట్ అడ్రసులు గుర్తుండవు. సెర్చ్ పెట్టె వాళ్లకు ఇంటి తలుపులాంటిది, లోపలికి పోవడానికి తోస్తారంతే. ఇవి ఏటా ఒకేలా ఉంటాయి కాబట్టి "ఎగబాకినవి" జాబితాలోకి రావు. అలాగే రోజూ ఉండే బాధలు కూడా రావు. మోకాళ్ల నొప్పి ఎప్పటికీ డిసెంబరు జాబితాకెక్కదు.

2020 జాబితాల్లో నన్ను పట్టి ఆపింది ఇంకోటి ఉంది. "నా దగ్గరలో" అంటూ వెతికినవాటిలో మొదటిది ఫుడ్ షెల్టర్లు. దగ్గరలో అన్నం ఎక్కడ దొరుకుతుందని. అదే జాబితాలో కరోనా టెస్టు ఉంది, బాణసంచా ఉంది, మద్యం షాపు ఉంది, రాత్రి తలదాచుకునే చోటు కూడా ఉంది.

ఆ ప్రశ్న ఎవరు కొట్టారో నేను కళ్లారా చూశాను. ఆ మే నెలలో చెన్నై నుంచి వచ్చే హైవే మీద బీహారు, ఒరిస్సా కుర్రాళ్లు నడుచుకుంటూ పోయేవాళ్లు. నా షాపు షట్టర్ సగం దించి, అత్యవసరమైన జిరాక్సులు మాత్రం తీస్తుండేవాణ్ణి. ఓ మధ్యాహ్నం నలుగురు వచ్చి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవచ్చా అని సైగ చేశారు. అందులో చిన్నవాడి ఫోన్ అద్దం సాలెగూడులా పగిలి ఉంది, పైన సెల్లోటేపు. రెండు శాతం ఛార్జింగ్ ఎక్కగానే దాన్ని నోటి దగ్గర పెట్టుకుని హిందీలో ఏదో అడిగాడు. తెర మీద మ్యాపు వచ్చింది, మూడు హోటళ్లు చూపించింది. మూడూ మూసేసి ఉన్నాయి, ఆ సంగతి గూగుల్‌కి తెలియదు. నేను వేలితో దారి చూపించాను, హైవే మీద ఎవరో సాంబారన్నం పొట్లాలు పంచుతున్నారని ఆ పొద్దునే విన్నా. ఆ డిసెంబరులో జాబితా చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ సెల్లోటేపే.

కాబట్టి ఒక పదం కింద ఎవరున్నారో తెలియకుండా దాన్ని "ఆసక్తి" అనకండి. అవసరం, భయం, సిగ్గు, వాయిదా తేదీ... ఇవన్నీ పెట్టెలోకి ఒకేలా వస్తాయి.

నెట్ సెంటర్ రోజుల్లోకి వెళ్దాం, ఎందుకంటే మీ మూడో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. పాత సిస్టముల్లో ఒక అక్షరం కొడితే అంతకుముందు కొట్టినవన్నీ కిందకి జారేవి. ఆ వరస చూస్తే ఊరు తెలిసిపోయేది. "కే" కొడితే కువైట్ దినార్ రేటు. మా వైపు నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్లు ఇంటికొకరు కాకపోయినా వీధికొకరుంటారు. భర్త పంపే డబ్బు ఈ వారం తీసుకోవాలా, నాలుగు రోజులు ఆగాలా అని ఆడవాళ్లు వచ్చి చూపించుకుని పోయేవాళ్లు. "హెచ్" కొడితే హాల్ టికెట్. ప్రభుత్వ భూమి రికార్డుల సైటు మీభూమి వచ్చాక "ఎ" కొడితే అడంగల్, అంటే పొలం సాగు రికార్డు. సినిమా పేర్లు ఉండేవి కాదనను, ఉండేవి. శుక్రవారం ఉండేవి, సోమవారానికి పోయేవి. దినార్ రేటు మాత్రం ఏడాది పొడుగునా ఉండేది.

టెన్త్ రిజల్ట్స్ రోజు ఒకటి చెప్తాను. పొద్దున పదకొండుకి అన్నారు, పదిన్నరకే షాపు ముందు యాభై మంది. జువ్వలదిన్నె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, వేటకు పోయి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కాకు ఉప్పు చారలు. కూతురి హాల్ టికెట్ నంబరు బీడీ కట్ట కాగితం మీద రాయించుకుని తెచ్చాడు. సైట్ తెరుచుకోదు, సర్వర్ బిజీ. ఎఫ్ 5 నొక్కి నొక్కి నా వేలు నొప్పి. చెమటకి కాగితం మీద ఒక అంకె చెదిరిపోయింది, అది మూడో ఎనిమిదో తెలియలేదు. మూడు కొడితే ఎవరో అబ్బాయి పేరొచ్చింది. ఎనిమిది కొడితే వాళ్లమ్మాయి. "పాసా నా?" అన్నాడు. పాసే అన్నాను. మార్కులెన్నో అడగలేదు. అయిదు రూపాయలిచ్చి, గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చాడు. "ఇంక దీన్ని ఏం చదివించాలో కూడా అందులో ఉంటదా?" అన్నాడు.

ఆ రోజు గ్రాఫులో కనబడేది "రిజల్ట్స్" అన్న పదం ఎగబాకడం. ఆయన రెండో ప్రశ్న ఎక్కడా నమోదు కాలేదు. ఎలా కొట్టాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియలేదు.

ఇప్పుడు తెలిసినవాడు వెతకడన్న సంగతి. నా వృత్తిలో ఎక్కువ డబ్బు పోగొట్టేది ఇది తెలియకపోవడమే. మూడేళ్ల క్రితం ఒక హోటల్ ఓనరు నా దగ్గరికి వచ్చి, "నెల్లూరు చేపల పులుసు నెలకి ఎంతమంది కొడుతున్నారో చూడు, యాడ్ పెడదాం, నెల్లూరు టౌన్ అంతా పడాలి" అన్నాడు. సంఖ్య బాగానే ఉంది. కానీ నెల్లూరులో ఉన్నవాడు నెల్లూరు చేపల పులుసు అని ఎందుకు కొడతాడు? వాడికి అది చేపల పులుసు, అంతే. వాళ్లమ్మ మామిడికాయ ముక్కలేసి పొద్దున చేసి సాయంత్రం పెడుతుంది. ఊరి పేరు తగిలించి వెతికేది హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉండి వండుకోవాలనుకునేవాళ్లు. వాళ్లకు కావాల్సింది వంట విధానం, టేబుల్ బుకింగ్ కాదు. ఆయన వినలేదు, పదిహేను వేలు పెట్టాడు. క్లిక్కులు వచ్చాయి, జనం రాలేదు. తర్వాత హైవే మీద పోయే కార్ల వాళ్లకు కనబడేలా "దగ్గరలో భోజనం" మీద పెట్టాం, అది కాస్త నడిచింది.

నిమ్మకాయలదీ అంతే. 2022 ఏప్రిల్‌లో నిమ్మ ధర చుక్కలు తాకింది. దేశమంతా నిమ్మకాయ రేటు గురించి వెతికారు, జోకులు పేల్చారు. గూడూరు, పొదలకూరు మార్కెట్ల చుట్టుపక్కల తోటలున్న రైతుల్లో ఒక్కరైనా గూగుల్‌లో రేటు చూశారంటే నేను నమ్మను. వాళ్లకు కమీషన్ షాపు నుంచి ఫోనొస్తుంది. రొయ్యల రైతు కూడా వంద కౌంటు (కిలోకి వంద రొయ్యలు తూగేది) ఎంత, ముప్పై కౌంటు ఎంత అన్నది వాట్సాప్ గ్రూపులో చూస్తాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం యాభై శాతానికి పెంచినప్పుడు మా వైపు రైతులకు నిద్రల్లేవు. ఆ రోజుల్లో నా దగ్గరికొచ్చిన చెరువుల వాళ్లెవరూ "సుంకం అంటే ఏమిటి" అని వెతకలేదు, "పట్టుబడి ఇప్పుడు పెట్టాలా, ఆగాలా" అని ఒకరినొకరు అడిగారు. జీవితమంతా ఆధారపడిన విషయం సెర్చ్‌లో సున్నాగా కనబడొచ్చు.

ఏ పదాన్ని ఎప్పుడు, ఎక్కడ ఎక్కువగా వెతికారో గ్రాఫు గీసి చూపే సైటు గూగుల్ ట్రెండ్స్. మీ మూడో ప్రశ్నకు అందరూ చూపించే దారి అదే కాబట్టి దాని లెక్క ఎలా నడుస్తుందో చెప్తాను. ఇది 2006 నుంచి ఉంది, ఉచితం, ఎవరైనా చూడొచ్చు. అందులో 0 నుంచి 100 దాకా అంకెలు ఉంటాయి. ఆ 100 అంటే వంద మంది కాదు, లక్ష మందీ కాదు. మీరు ఎంచుకున్న కాలంలో, ఎంచుకున్న ప్రాంతంలో, మొత్తం సెర్చ్‌ల్లో ఆ పదం వాటా అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రోజుకి 100 అని పేరు పెడతారు. మిగతా రోజులు దాంతో పోల్చి వేస్తారు. మొత్తం సెర్చ్‌లన్నీ లెక్కపెట్టరు, కొంత నమూనా తీస్తారు. ఒకే మనిషి వెంటవెంటనే కొట్టినవి తీసేస్తారు. మరీ తక్కువమంది కొట్టినవి సున్నా అని చూపిస్తారు. పక్కన "బ్రేకౌట్" అని కనబడితే అయిదు వేల శాతానికి పైగా పెరిగిందని అర్థం. ఇద్దరు కొట్టే చోట నూటయాభై మంది కొట్టినా అది బ్రేకౌటే.

ఇందులో నేనే బోర్లా పడ్డాను. 2018లో ఒంగోలులో ఒక కోచింగ్ సెంటర్ ఆయనకి పని చేస్తున్నా. ట్రెండ్స్‌లో "డీఎస్సీ" కొట్టి చూపించి, ఇదిగో సార్ వందకి వెళ్లింది, టీచర్ పోస్టుల బ్యాచ్ ఇప్పుడే మొదలుపెట్టండి అన్నాను. ఆయన నన్ను నమ్మి ఇంకో హాలు అద్దెకు తీసుకున్నాడు. చేరింది పదకొండు మంది. తర్వాత కూర్చుని చూసుకుంటే తెలిసింది, అప్పటికి నోటిఫికేషన్ రాలేదు, వస్తుందన్న పుకారు మాత్రం వచ్చింది. ఆ నాలుగు రోజులు జనం కొట్టింది పుకారు నిజమా అని తెలుసుకోవడానికి. అది చాలదన్నట్టు, డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్‌ను కూడా డీఎస్సీ అనే అంటారు. కెమెరాల్లో ఫొటోల ఫైలు పేర్లు కూడా ఆ మూడు అక్షరాలతోనే మొదలవుతాయి. ఆడిటర్లు, ఫొటోగ్రాఫర్లు, టీచర్ ఉద్యోగం కోసం చూసే బీఈడీ పిల్లలు అందరూ ఒకే గీతలో కలిసిపోయారు. ఆ హాలు రెండు నెలల అద్దె సగం నేను పెట్టుకున్నాను. ఆయన అడగలేదు, నాకే ముఖం చెల్లక.

పదాల గోల తెలుగులో మరీ ఎక్కువ. ఒకే సంగతిని తెలుగు లిపిలో కొడతారు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు, అందులో దీర్ఘం ఉన్నచోట ఒకరు ఒక "ఎ", ఇంకొకరు రెండు "ఎ"లు. ట్రెండ్స్ వీటిని వేర్వేరు పదాలుగా చూస్తుంది. అన్నీ కలిపి చూడాలంటే పదం బదులు "టాపిక్" అని వచ్చేదాన్ని ఎంచుకోవాలి, అది కూడా పెద్ద విషయాలకే దొరుకుతుంది. సరదాగా ఒకటి చేసి చూడండి. నెల్లూరు ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక "ఎల్" తీసేసి, చివర "ఇ" ఉంచి, ప్రపంచం మొత్తం ఎంచుకుని కొట్టండి. పటం మీద వెలిగేది ఆంధ్ర కాదు, బ్రెజిల్. మన ఒంగోలు పశువులు 19వ శతాబ్దంలో ఓడలెక్కి అక్కడికి వెళ్లాయి. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి వాళ్లకు ఆ జాతి పేరు నెలోర్ అయింది. ఇప్పుడు అక్కడ మాంసం కోసం పెంచే పశువుల్లో ముఖ్యమైన జాతి అదే. వాళ్ల వియాటినా-19 అనే ఆవు విలువ మన డబ్బుల్లో దాదాపు 40 కోట్లు అని వార్త వచ్చినప్పుడు, మా షాపు ముందు పాలబ్బాయి కూడా "ఏం నా, మన ఆవేనంట గదా" అని గూగుల్ కొట్టించుకున్నాడు. బ్రెజిల్ రైతు వేలంపాట ధర కోసం కొట్టినదీ, పాలబ్బాయి ముచ్చటపడి కొట్టించుకున్నదీ పక్కపక్కన పెడితే దేన్ని ఆసక్తి అంటారు?

సెర్చ్ అబద్ధం చెప్పదు, మనుషులు బయట చెప్పనిది అక్కడ చెప్తారు అనే మాట మీరు వినే ఉంటారు. చాలావరకు నిజమే. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో పీవీ సింధు వెండి పతకం తెచ్చిన రోజుల్లో, ఆమె పేరు పక్కన జనం కొట్టిన పదం "కులం". అది ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణల నుంచే అని పేపర్లలో వచ్చింది. అప్పుడు చాలామంది ఇది గూగుల్ సరిగ్గా చూపించట్లేదని వాదించారు. నేను వాదించను. నా షాపులో కొత్త ఎమ్మెల్యే అభ్యర్థి పేరు ప్రకటించిన రోజు, కొత్త హీరో పోస్టర్ పడిన రోజు, ఆ రెండో పదం ఎవరి వేళ్ల కిందనుంచి వస్తుందో ఎన్నిసార్లు చూశానో. చదువుకున్నవాళ్లే ఎక్కువ. పక్కన నేనుంటే ఆగేవాళ్లు, నేను లేచి పోయాక కొట్టేవాళ్లు.

అయితే ఒక్క జాగ్రత్త. పెట్టెలో పేరు కొట్టగానే కింద ఆ పదం సూచనగా కనబడుతుంది. కనబడింది కాబట్టి నొక్కేవాళ్లు కూడా ఉంటారు. ఇంకోటి, "మొదటి స్థానం" అంటే దేనిలో మొదటి స్థానం అని అడగాలి. 2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని బ్రిటన్ ఓటేసింది. మర్నాడు అక్కడివాళ్లు "యూరోపియన్ యూనియన్ అంటే ఏమిటి" అని వెతుకుతున్నారని ప్రపంచమంతా నవ్వింది. అది యూనియన్ గురించి అడిగిన ప్రశ్నల్లో పై వరసలో ఉందని మాత్రమే గూగుల్ చెప్పింది. ఎంతమంది అడిగారో, అడిగినవాళ్లు ఓటేశారో, బడిపిల్లలో ఆ అంకె చెప్పదు.

భయం సంగతి ఇంకా తమాషా. గూగుల్ వాళ్లే 2008లో ఫ్లూ ట్రెండ్స్ అని మొదలుపెట్టారు. జ్వరం, దగ్గు అని జనం వెతికేదాన్ని బట్టి ఎక్కడ ఫ్లూ ఉందో ఆసుపత్రుల లెక్కల కంటే ముందే చెప్పేస్తామన్నారు. కొన్నాళ్లు బాగానే చెప్పింది. 2012-13 చలికాలంలో అమెరికాలో ఉన్నదానికంటే దాదాపు రెట్టింపు చెప్పింది, 2015లో ఆపేశారు. టీవీలో ఫ్లూ వార్తలు ఎక్కువైతే ఒంట్లో బాగున్నవాళ్లు కూడా వెతుకుతారు కదా. మా జిల్లాలో దీనికి ఉదాహరణ కృష్ణపట్నంలో కరోనాకని పంచిన ఆనందయ్య నాటు మందు. 2021 మే నెల మూడో వారంలో జనం వేలల్లో వచ్చిపడ్డారు, పంపిణీ ఆపారు. నెలాఖరున కంట్లో వేసే చుక్కలు మినహా మిగతావాటికి ప్రభుత్వం అనుమతిచ్చింది. ఆ పది రోజులు నా ఫోన్ మోగిందంటే హైదరాబాదు నుంచో, బళ్లారి నుంచో తెలిసినవాళ్లు, "ఆన్‌లైన్‌లో బుకింగ్ ఎక్కడ?" అని. గూగుల్‌లో ఉన్న లింకులన్నీ నొక్కి చూశామనేవాళ్లు, వాటిలో చాలావరకు దొంగవి. కావలి వాళ్లు మాత్రం ఒక్కరూ అడగలేదు. వాళ్లు బండేసుకుని కృష్ణపట్నమే పోయారు. సెర్చ్‌లో కనబడిందంతా దూరాన ఉండి పోలేనివాళ్ల ఆరాటం.

నిమిషాల్లో పనికొచ్చే చోటు కూడా ఉంది, దాన్ని తక్కువ చేయను. 2024 డిసెంబరు 21 నుంచి ముండ్లమూరు, తాళ్లూరు వైపు వరసగా భూమి కంపించింది. చిన్న ప్రకంపనలే. దర్శిలో ఉన్న మా బావమరిది నాకు ఫోన్ చేసి, "బావా, మంచం ఊగింది, నాకేనా అందరికీనా?" అన్నాడు. సరిగ్గా ఈ ప్రశ్నే అందరూ అదే నిమిషంలో గూగుల్‌లో కొడతారు. అక్కడ సెర్చ్ నిజంగా ఊరి నాడి.

కానీ రాను రాను ఈ నాడి కూడా చేతికి అందట్లేదు. 2017 నుంచి తెలుగులో మాట్లాడితే ఫోన్ అందుకుంటోంది. చదువురాని మా అత్తగారు యూట్యూబ్‌లో నోటితో అడిగి ప్రవచనాలు పెట్టుకుంటుంది. యూట్యూబ్ సెర్చ్ ట్రెండ్స్‌లో విడిగా ఉంటుంది, పైన మెనూలో మార్చుకుంటే తప్ప కనబడదు. మన జనం సగం వెతికేది అక్కడే అని నా అంచనా, వంట, పురుగు మందు, బైకు రిపేరు అన్నీ. 2025 జనవరిలో ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది, ఆ ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు అందులోనే వచ్చేశాయి. ఆ పిల్లలు గూగుల్ గడప తొక్కలేదు. రేపు గ్రాఫ్ చూసినవాడు మనవాళ్లకు పరీక్షల మీద ఆసక్తి తగ్గిందని రాసినా రాస్తాడు.

ఇక మీ మూడో ప్రశ్న. జిల్లావారీగా ట్రెండ్స్‌ను నమ్మకండి. రాష్ట్రం వరకు ఫరవాలేదు. ఊళ్ల పేర్లు చూపిస్తుంది గానీ, మొబైల్ డేటా వాడేవాణ్ణి తను ఉన్న ఊళ్లో కాకుండా ఇంకెక్కడో ఉన్నట్టు లెక్కేయడం మామూలే. చిన్న ఊళ్లయితే సున్నాలే. అయిదేళ్ల కాలం పెట్టి, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా, యూట్యూబ్‌లో ఒకసారి చూడండి. పక్కన మీకు బాగా తెలిసిన ఒక పదం పెట్టుకుని పోల్చండి, నేనైతే "అడంగల్" పెట్టుకుంటాను. అది ఎంత ఉంటుందో నాకు చేతికి తెలుసు.

అంతకంటే సులువు దారి, మీ ఊళ్లో ఎంఆర్ఓ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు బోర్డు చదవండి. మాది ఇప్పుడు ఇలా ఉంది: పైన పెయింటుతో రాయించినవి జిరాక్సు, అడంగల్, 1బి, పాన్ కార్డు, రైల్వే టికెట్లు. ఇవి ఎప్పటినుంచో మారలేదు. కింద స్టిక్కర్లు. పైకి కనబడేది పీఎఫ్ విత్‌డ్రా. దాని అంచు లేస్తే కింద పాన్-ఆధార్ లింకు. దాని కింద ఈ-శ్రమ్ కార్డు, ఇంకా కింద టీకా సర్టిఫికెట్. మొన్న వానకి మూల ఊడి, అన్నిటికంటే అడుగున ఉన్నది బయటపడింది. "రిజల్ట్స్ చూడబడును, రూ. 5."